ఇంటరుతో ఆఖరా?

2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బొట్టుకు, గాజులకు పన్ను సున్నా. శానిటరీ ప్యాడ్‌కు మాత్రం 12 శాతం! ఏడాది పోరితే గానీ అది వదల్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ‘స్వేచ్ఛ’ పథకం పెట్టి సర్కారు బడుల్లో, జూనియర్ కాలేజీల్లో నెలకు 10 ప్యాడ్లు ఉచితమన్నారు. మంచిదే. కానీ 7 నుంచి 12వ తరగతి వరకే. ఇంటర్ పాసవగానే నెలసరి కూడా టీసీ పుచ్చుకుని వెళ్లిపోతుందనుకున్నారు కాబోలు! డిగ్రీ కాలేజీలో ఉంటే గింటే రిబ్బన్ కత్తిరించిన ప్యాడ్ల మెషీన్ ఒకటుంటుంది. అందులో ప్యాడ్లుండవు, ఉన్ననాడు గదికి తాళం. తాళంచెవి అటెండర్ జేబులో, అటెండర్ సెలవులో. స్కాట్లాండ్‌లో 2022 ఆగస్టు నుంచి కాలేజీలు, యూనివర్సిటీలు ప్యాడ్లను ఉచితంగా ఇచ్చితీరాలని చట్టం. మనకు చట్టం దాకా ఎందుకు? ప్రిన్సిపాల్ గారూ, ముందు ఆ గది తాళం తీయించండి!