అర చుట్టుకు అయిదు వేలు

బండిలో అనుమతి లేకుండా చేసిన ఒక్కో మార్పుకీ 5 వేల జరిమానా తప్పదని రవాణా శాఖ పెద్దలు మళ్లీ హూంకరించారు. చదివే ఉంటారు. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 182ఎ(4) కింద 2019 సవరణలో చేరిన ముచ్చటే అది. వసూలు చేస్తే చేసుకోనివ్వండి. లెక్క ఎలా కడతారన్నదే నా బెంగ.

మా వీధిలో ఒక ఇంజనీరింగు కుర్రాడు పాత మారుతి 800 పట్టుకొచ్చి ఇంట్లోనే కారు కడుతున్నాడు. చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ లింకుల పొడవు అందులో మార్చుకోవచ్చు. ఇనప గొట్టం, రెండు కొసలా రాడ్ ఎండ్‌లు. ఒకదానికి కుడి మర, రెండోదానికి ఎడమ మర. గొట్టాన్ని ఇటు తిప్పితే రెండూ ఒకేసారి బయటికొస్తాయి, అటు తిప్పితే లోపలికి పోతాయి. లింకు ఊడదీసే పని లేదు. చక్రం వాలు చూసుకుని చెక్‌నట్టు బిగించడమే.

కుడి మరది రాణిగంజ్ బేరింగు షాపుల్లో అడగ్గానే చేతిలో పెడతారు. ఎడమ మరది కావాలంటే, "ఏ మెషిన్‌కి సార్?" కారుకి అన్నామా, ఎగాదిగా చూసి ఆర్డరు మీద తెప్పిస్తామంటారు. తీరా అది వచ్చాక, గొట్టంలో ఎడమ మర కొయ్యడానికి ఆ ట్యాపు ఉన్న లేత్ మేస్త్రి కోసం మరో వేట.

ఇన్ని పాట్లు పడి బిగించిన గొట్టాన్ని అర చుట్టు తిప్పితే మార్పే కదా? 5 వేలు. ఎక్కువైందని వెనక్కి తిప్పితే? ఇంకో 5 వేలు. కారుకి నాలుగు మూలలు, మూలకి ఎన్నో లింకులు. ఖజానా నింపడానికి ఇక మద్యం అక్కర్లేదు, ఒక్క స్పానర్ చాలు. సర్కారు వెంటనే మర ఇన్‌స్పెక్టర్ పోస్టులు ప్రకటించాలి.

మర ఇన్‌స్పెక్టర్ల తొలి దాడి వీల్ ఎలైన్‌మెంట్ షాపుల మీద. కంప్యూటర్ సాక్షిగా పొద్దస్తమానం టై రాడ్ తిప్పుతుంటారక్కడ. వ్యవస్థీకృత నేరం! మలి దాడి పొలాల మీద. ట్రాక్టరు వెనక టాప్ లింక్ కూడా ఇదే బాపతు సరుకు, ఒక కొస కుడి మర, ఒక కొస ఎడమ మర. నాగలి సరిగ్గా దిగాలని రైతు దాన్ని తిప్పుతూనే ఉంటాడు. దుక్కి ముగిసేసరికి పట్టా పాస్‌బుక్కు తాకట్టులో ఉంటుంది.

అందరికన్నా పెద్ద ముద్దాయి ఇంకా పరారీలో ఉంది. దాని పేరు గుంత. షాపు లేదు, లైసెన్సు లేదు, పానా లేదు. వానాకాలంలో ఒక్క దెబ్బతో లింకు వంచేసి ఎలైన్‌మెంట్ మార్చేస్తుంది, కూలీ కూడా అడగదు. రూలు రూలే కాబట్టి గుంతకి 5 వేల చొప్పున రాయాల్సిందే. మరి చలానా ఎవరి పేర? మర ఇన్‌స్పెక్టర్ తల గోక్కుంటాడు.

గోక్కోనక్కర్లేదు. అదే చట్టంలో 198ఎ ఉంది. రోడ్డుని ప్రమాణాల ప్రకారం వెయ్యక, బాగుచెయ్యక, దానివల్ల మనిషి చచ్చిపోయినా అవిటివాడైనా కాంట్రాక్టరుకో రోడ్డు అధికారులకో పడే శిక్ష జరిమానా. ఎంత? ఎంత ఎక్కువ వేసినా లక్ష దాటదు. జైలు మాటే లేదు. అనుమతి లేకుండా సొంత బండి మార్చుకున్నవాడికి మాత్రం ఆరు నెలల దాకా జైలు రాసిపెట్టారు. లక్షని 5 వేలతో భాగించండి. ఇరవై. పెద్దలారా, కుర్రాడు ఇరవై మార్పులు చేయడమూ, మీరు పూడ్చని గుంతలో ఒక మనిషి ప్రాణం పోవడమూ మీ తక్కెట్లో సరితూగాయి, అదీ లక్షకి లక్షా వేస్తేనే. చెక్‌నట్లు లెక్కపెట్టడం ఆపి, 198ఎ కింద ఇప్పటిదాకా ఎందరి మీద కేసులు పెట్టారో, ఎంత వసూలు చేశారో వచ్చే ప్రెస్‌మీట్‌లో చెప్పండి. కాంట్రాక్టర్ల పేర్లతో సహా.