వాట్సాప్ సందేశం – టీకా తాత్పర్య సహితం

మూలం:

“బ్రో, మీ నంబర్ ప్రింటింగ్ ప్రెస్ అన్న ఇచ్చాడు. చిన్న లోగో పని ఉంది, అర్జెంట్. ముందు రెండు మూడు శాంపిల్స్ పంపు, నచ్చితే ఫిక్స్ చేద్దాం. రేటు చూసి చెప్పు, ముందు ముందు బోలెడు వర్క్ ఉంటది. పేమెంట్‌దేముంది, చూసుకుందాం.”

అవతారిక: ఇది సందేశకావ్యాల కోవలోనిది. నాయకుడు కొత్తగా దుకాణం తెరవబోతున్న వ్యాపారి. సందేశం అందుకున్నది ఎక్కడా జీతానికి కుదరక సొంతంగా పనులు పట్టుకుని బతికే గ్రాఫిక్ డిజైనర్, అంటే ఫ్రీలాన్సర్. కాళిదాసు కావ్యంలోని మేఘుడి పాత్ర ఇక్కడ ప్రింటింగ్ ప్రెస్ అన్నది. వ్యాపారి పక్షాన వీరం, డిజైనర్ పక్షాన కరుణ ప్రధాన రసాలు.

కాళిదాస కావ్యాలకు సంజీవనీ వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి మెదక్ సీమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. ప్రస్తుత మూలానికి ఆ నియమం చెల్లదు. ఇందులో ఉన్నదానికన్నా లేనిదే ఎక్కువ. ఎంత ఇస్తారు, ఎప్పటికి కావాలి, ఎన్నిసార్లు మార్చాలి, ఎవరు ఊ అంటే పని అయినట్టు? ఈ నాలుగూ ఎంత వెతికినా కనిపించవు. మూలంలో లేని పదాన్ని తెచ్చి వాక్యాన్ని పూరించుకోవడాన్ని వ్యాఖ్యాతలు అధ్యాహారం అంటారు. క్లయింట్ దొరకడం అదృష్టం మీద కొంత ఆధారపడితే పడవచ్చు గానీ, దొరికినవాడు నిలవడం మాత్రం ఈ అధ్యాహారం పని మొదలయ్యే ముందు జరిగిందా, గొడవ వచ్చాక జరిగిందా అన్నదాని మీదే ఉంటుంది.

‘బ్రో’: సంబోధన. ‘అన్నా’, ‘బాస్’, ‘భాయ్’ అని పాఠాంతరాలు. అర్థభేదం లేదు. గమనించవలసింది వేరే ఉంది. ‘మీ నంబర్’ అని గౌరవ బహువచనంతో ఎత్తుకున్న సందేశం రెండు వాక్యాలు దాటేసరికి ‘పంపు’, ‘చెప్పు’ అని ఏకవచనంలోకి దిగింది. దీన్ని దోషంగా పట్టనక్కర్లేదు, చనువుగా తీసుకోవచ్చు. జవాబు మాత్రం మొదటినుంచి చివరిదాకా ‘అండి’లోనే నడవాలని పెద్దల మతం. ‘బ్రో’కి ‘చెప్పు బ్రో’ అని బదులిచ్చినవాడు నెల తిరిగాక బాకీ అడగడానికి ‘సార్’ అని మొదలుపెట్టాల్సి వస్తుంది. అప్పుడు సందేశం నప్పదు.

‘మీ నంబర్ ప్రింటింగ్ ప్రెస్ అన్న ఇచ్చాడు’: మొత్తం మూలంలో ఖరీదైన వాక్యం ఇదే. క్లయింట్లు ఎక్కడినుంచి వస్తారన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. దుకాణం తెరవాలనుకున్న మనిషి డిజైనర్ దగ్గరికి రాకముందే కొందరిని కలిసి ఉంటాడు. జీఎస్టీ నంబర్ కోసం ఆడిటర్‌ని, బోర్డు కోసం ఫ్లెక్స్ షాపును, అల్మారాల కోసం ఇంటీరియర్ కాంట్రాక్టర్‌ని, బిల్లు పుస్తకాల కోసం ప్రెస్సును. ఈ నలుగురిలో ఎవరి నోట డిజైనర్ పేరు వస్తే పని అతనిది. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో శుభలేఖ వేయించుకోవడానికి వచ్చిన పెళ్లివారు డిజైనర్ ఎవరని అడగరు. షాపతను ఎవరికి ఫోన్ చేస్తే అతనే వాళ్ల డిజైనర్.

ఇట ఆక్షేపం: ప్రెస్ అన్న నంబర్ ఊరికే ఎందుకిస్తాడు? సమాధానం: ఊరికే ఇవ్వడు. ఈ డిజైనర్ ఫైలు తన మిషన్ మీద పేచీ పెట్టదని తెలుసు కనుక ఇస్తాడు. అక్షరాలన్నీ కర్వ్స్‌గా మార్చి, నాలుగు అంచులా మూడు మిల్లీమీటర్ల బ్లీడ్ వదిలి, రంగులు సీఎంవైకేలో పెట్టి పంపిన కోరల్‌డ్రా ఫైలు తెరవగానే ప్లేటుకు వెళ్తుంది. ‘అను’ ఫాంట్లలో టైపు చేసి, కర్వ్స్ చేయకుండా పంపిన ఫైలు ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే ‘శ్రీ వెంకటేశ్వర క్లాత్ స్టోర్స్’ స్థానంలో ఇంగ్లిష్ అక్షరాలూ చుక్కలూ గీతలూ ప్రత్యక్షమవుతాయి. రాత్రి పదింటికి అది చూసిన అన్న తెల్లారి ఆ నంబర్ ఎవరికీ ఇవ్వడు. డిజైనర్ తన ప్రతిభను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకుంటే నలుగురు లైక్ కొడతారు, అదీ మంచిదే. కానీ ఈ వీధిలో పని తెచ్చేది ఆ మూడు మిల్లీమీటర్లు. కొందరు అన్నలు కమీషన్ అడుగుతారు. అడిగితే ముందే తేల్చుకుని రేటులో కలుపుకోవాలి. అడగనివారికి దీపావళి స్వీట్ బాక్సు ఆచారం.

పాఠాంతరం: విదేశీ ప్రతుల్లో ‘ప్రింటింగ్ ప్రెస్ అన్న’కు బదులు ‘ఫైవర్’, ‘అప్‌వర్క్’ అని ఉంది. రెండోది ఈల్యాన్స్, ఓడెస్క్ అనే రెండు ఆన్‌లైన్ వేదికలు కలిసిపోగా 2015లో ఆ పేరు పెట్టుకున్నది. ఈ అన్నలు కమీషన్ అడగరు, కోసుకునే ఇస్తారు. ఫైవర్ అయితే పనిచేసినవారి సొమ్ములో 20 శాతం పట్టుకుంటుంది. కొత్త ఖాతాకు మొదటి నాలుగైదు రివ్యూలు పడేదాకా కష్టం, తర్వాత కొంత నయం. క్లయింట్‌ని అక్కడినుంచి విడిగా బయటికి లాక్కొచ్చి డబ్బు తీసుకోవడం సాధారణంగా వాటి నిబంధనలకు విరుద్ధం, ఖాతా పోవచ్చు.

‘చిన్న లోగో పని’: ఇక్కడ ‘చిన్న’ అనే విశేషణం పనికి చెందదని, రేటుకు చెందుతుందని అన్వయించుకోవాలి. ‘లోగో’ ఉపలక్షణం. ఒకటి చెప్పి దానితో వచ్చే తక్కినవన్నీ సూచించడమన్నమాట. విజిటింగ్ కార్డు, క్యారీ బ్యాగు, బిల్లు పుస్తకం, వాట్సాప్ డీపీ, ప్రారంభోత్సవ ఆహ్వానం, ఆటో వెనక అంటించే స్టిక్కర్ ఈ పదంలో ఇమిడి ఉన్నాయి. విడివిడిగా ఎవరూ అడగరు. లోగో అయిన రోజున ‘ఎలాగూ ఫైల్ ఓపెన్ చేశావుగా, అది కూడా’ అంటారు. అందువల్ల జవాబులో ఏమేమి ఉన్నాయో రాయడంతో సరిపోదు, ఏమేమి లేవో కూడా రాయాలి. ‘విజిటింగ్ కార్డు ఇందులో లేదు, విడిగా ఇంత’ అని ముందు రాసినందుకు ఏ వ్యాపారీ నొచ్చుకోడు. తనూ రేటు బోర్డు పెట్టుకునే మనిషే.

‘అర్జెంట్’: అవ్యయం. లింగవచన విభక్తుల వల్ల మారదు, గడువు వచ్చినా మారదు. అర్థం తెలియాలంటే ముహూర్తం ఎప్పుడో అడగాలి. ఆషాఢంలో ప్రారంభోత్సవాలు ఉండవు కనుక శ్రావణం కోసం అందరూ ఒకేసారి మేల్కొంటారు. అదే ఆషాఢంలో బట్టల కొట్లు డిస్కౌంటు పోస్టర్లు వేయిస్తాయి. పంచాంగం దగ్గరుంచుకున్న డిజైనర్‌కి రద్దీ ఎప్పుడో, ఖాళీ ఎప్పుడో రెండూ ముందే తెలుస్తాయి. ఖాళీ నెలలో పాత క్లయింట్లను పలకరించేవాడికి రద్దీ నెలలో కొత్తవాళ్లను బతిమాలే పని ఉండదు. ముహూర్తం నిజంగా మూడు రోజుల్లో ఉంటే అర్జెంటుకు అదనపు రేటు చెప్పవచ్చు. ఆ రేటు వినగానే సగం అర్జెంట్లు వచ్చే వారానికి వాయిదా పడతాయి.

‘ముందు రెండు మూడు శాంపిల్స్ పంపు’: ఇక్కడ ప్రాచీనులకూ నవీనులకూ మతభేదం ఉంది. పంపకపోతే పని పోతుందని ప్రాచీనులు, పంపితే లోగో పోతుందని నవీనులు. ఇద్దరూ నిజమే చెప్పారు. మధ్యేమార్గంగా ఇదివరకు చేసిన పనుల్లోంచి, అదే వ్యాపారానికి దగ్గరగా ఉన్నవి మూడు ఎంచి పంపాలి. కొత్తగా గీసిన నమూనా అడ్వాన్స్ అందాకే పంపాలి. అదీ చిన్న సైజులో, అడ్డంగా వాటర్‌మార్క్ వేసి. ‘రేటు ఎక్కువైంది బ్రో, ఈసారికి వద్దులే’ అన్న వారానికి అదే నమూనా ఆరడుగుల ఫ్లెక్స్ మీద, చుక్కలు చుక్కలుగా పగిలిపోయి దర్శనమివ్వడం ఈ వృత్తిలో అందరూ ఎరిగిన సంగతే. ఫ్లెక్స్ షాపులో ఎవరో ఆ వాట్సాప్ బొమ్మనే సాగదీసి ఉంటారు.

‘నచ్చితే ఫిక్స్ చేద్దాం’: ‘నచ్చితే’ చేదర్థకం. ఎవరికి నచ్చితే? కర్త లుప్తం. ‘చేద్దాం’ తెలుగు వ్యాకరణం ప్రకారం వినేవాణ్ణి కూడా కలుపుకునే ‘మనం’. ఆచరణలో వినేవాడు తప్ప తక్కిన అందరూ ఇందులో ఉంటారు. పార్ట్‌నర్, పార్ట్‌నర్ భార్య, బెంగళూరులో ఉండే బామ్మర్ది, పేరులో ఇంకో ‘ఏ’ చేర్చమనే న్యూమరాలజీ ఆయన. ఐదో రోజున ‘మా బామ్మర్ది ఎరుపు బాగాలేదంటున్నాడు’ అని కబురు వస్తుంది. బామ్మర్ది మీద కోపం తెచ్చుకోవడం అనవసరం. ఫైనల్ ఎవరు చెబుతారని మొదటిరోజే అడిగి, మొదటి నమూనా నేరుగా ఆ మనిషికి కనపడేటట్టు చూసి ఉంటే ఈ ఐదు రోజులు మిగిలేవి.

‘రేటు చూసి చెప్పు’: ‘చూసి’ అంటే తగ్గించి. డిజైనర్ చూడవలసింది మాత్రం తన నెల. ఉదాహరణకు ఇల్లు గడవడానికీ, కరెంటుకూ, సాఫ్ట్‌వేర్ చందాకూ కలిపి నెలకు 42,000 కావాలనుకుంటే, 25 పనిరోజులతో భాగించి రోజుకు 1,680 అనుకోవడం కొత్తవారు చేసే లెక్క. ఆ 25లో సగం రోజులు ఫోన్లకూ, కొటేషన్లకూ, ప్రెస్సు చుట్టూ తిరగడానికీ, బాకీలు అడగడానికీ పోతాయి. డబ్బు వచ్చే పని జరిగేది 12 రోజులే అయితే రోజు విలువ 3,500. రెండున్నర రోజులు పట్టే లోగోను ‘పక్కవీధిలో రెండు వేలకే చేస్తున్నారు’ అన్నందుకు రెండు వేలకు ఒప్పుకుంటే ఆ నెల ఎవరో ఒకరి దగ్గర అప్పు తప్పదు.

‘ముందు ముందు బోలెడు వర్క్ ఉంటది’: భావికాలంకారం. జరగబోయేదాన్ని కళ్ల ముందున్నట్టు వర్ణించడం దీని లక్షణం. వ్యాపారి అబద్ధమాడుతున్నాడని భావించరాదు, అతనూ నమ్ముతూనే ఉన్నాడు. కానీ రాబోయే పనికి తగ్గింపు ఇప్పటి పనిలో ఇవ్వకూడదు. ‘మూడో పని నుంచి పది శాతం తగ్గిస్తాను’ అంటే ఆ బోలెడు ఎంతో తేలుతుంది. నిజంగానే పని వరసపెట్టి వచ్చేటట్టుంటే నెలకు ఇన్ని పోస్టర్లకు ఇంత అని నెలవారీ ఒప్పందం ఇద్దరికీ మేలు.

ఈ వర్ణన నిజమైనప్పుడు వేరే చిక్కు ఉంది. రాబడిలో ముప్పాతిక ఒక్క క్లయింటే ఇస్తున్నప్పుడు అతను క్లయింట్ కాదు, పీఎఫ్ కట్టని యజమాని. అతని రెండో బ్రాంచి మూతపడితే ఇతని ఇల్లు మూతపడుతుంది.

‘పేమెంట్‌దేముంది, చూసుకుందాం’: ప్రశ్న రూపంలో ఉన్నా ప్రశ్న కాదు. గొంతు విరుపు వల్ల అర్థం తిరగబడింది కనుక కాకువు. రాతలో గొంతు వినపడదు కాబట్టి ఇక్కడే అధ్యాహారం ఎక్కువ కావాలి. జవాబు సందేశం ఈ తరహాలో ఉండవచ్చు: “నమస్తే అండి. లోగో ఒక్కటి, 9,000. మూడు నమూనాలు, రెండు విడతల మార్పులు ఇందులోనే. ఆపైన విడతకు 1,000. విజిటింగ్ కార్డు, బ్యాగు విడి. సగం అడ్వాన్స్ అందిన రోజునుంచి ఏడు రోజులు. మిగతా సగం అందాక ఒరిజినల్ ఫైళ్లు. ఫైనల్ ఎవరు చెబుతారో తెలియజేయగలరు.” కొందరు ఇది చదివి మళ్లీ కనిపించరు. వారి వెంటపడకపోవడమే వారివల్ల కలిగే లాభం.

‘ఒరిజినల్ ఫైళ్లు’ అన్నచోట ఒక విశేషం. వీధిలో దీన్ని ‘ఓపెన్ ఫైల్’ అంటారు, డబ్బు కట్టేశాం గనుక అన్నీ మావేనంటారు. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం భావిస్తుంది. అందుచేత పూర్తి హక్కులు ఇస్తున్నట్టు బిల్లుతోపాటు నాలుగు లైన్లు రాసి సంతకం పెట్టి ఇస్తే క్లయింట్‌కీ భద్రత. అడగకముందే ఈ కాగితం ఇచ్చిన డిజైనర్ గురించి ఆ వ్యాపారి ఆడిటర్‌తో చెప్పుకుంటాడు. ఆడిటర్‌కి ఇంకో యాభై మంది వ్యాపారులు తెలుసు.

ఇక డబ్బు రాకపోతే? 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం సేవలకూ వర్తిస్తుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు మించకూడదు, ఒప్పందం లేకపోతే పని ముట్టిన 15 రోజుల్లో ఇవ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా. ఫిర్యాదుకు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. ఇందుకు ఉద్యమ్ నమోదు కావాలి. అది ఉచితం, పని మొదలుకాకముందే చేయించుకుని ఉండాలి. 2023 ఆర్థిక చట్టం ఇంకో మెలిక పెట్టింది: ఆ గడువు దాటిన బాకీని కొన్నవారు చెల్లించిన ఏడాదిలో తప్ప ఖర్చుగా చూపుకోలేరు. తొమ్మిది వేల కోసం ఎవరూ ఆ ఫిర్యాదులు వినే కౌన్సిల్ దాకా వెళ్లరు, వెళ్లాల్సిన పనీ సాధారణంగా పడదు. బిల్లు మీద ఉద్యమ్ నంబర్, గడువు తేదీ కనపడితే మార్చి నెలలో క్లయింట్ ఆడిటరే ఫోన్ చేసి ఇది కట్టేయమంటాడు.

ద్వితీయ సందేశం: “బ్రో ఆ లోగో ఫైల్ ఉందా? బోర్డువాడు అడుగుతున్నాడు.”

ఇది ఏ ఎనిమిది నెలల తర్వాతనో, రాత్రి తొమ్మిది దాటాక వస్తుంది. క్లయింట్ నిలిచాడా లేదా అన్నది దీనితో తేలుతుంది. ‘ఆ’ అనే సర్వనామం ఏ లోగోను సూచిస్తుందో డిజైనరే గ్రహించాలి. పేరు, సంవత్సరం వేసి ఫోల్డర్లు పెట్టుకుని, ఇంకో హార్డ్‌డిస్క్‌లో నకలు దాచుకున్నవాడు ఐదు నిమిషాల్లో పీడీఎఫ్ పంపుతాడు. ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా. లేకపోతే వాట్సాప్ నొక్కేసి బొమ్మను పాడుచేస్తుంది. దీనికి డబ్బు అడగరాదని ఏకాభిప్రాయం. బోర్డు ఎందుకని మాత్రం అడగవచ్చు. రెండో బ్రాంచి తెరుస్తున్నామని తెలుస్తుంది. కొత్త రేటు చెప్పడానికి అనువైన సమయం అదే. ఫైలు చేతికి అందిన మనిషి పెంచిన వెయ్యి గురించి పెద్దగా పట్టించుకోడు.

మర్నాటి మధ్యాహ్నం దాకా ఈ సందేశానికి జవాబు లేని ప్రతులు కొన్ని ఉన్నాయి. వాటిలో తృతీయ సందేశం లభ్యం కాలేదు.