కప్పు టీకి టీకా తాత్పర్యం

ఆ.వె.
బయట నొక్క కడలి, బండిలో వేఱొండు,
గాజు మీద చెమట కారుచుండు,
రేయి నడుమ బండ రిత్తయై పోయెనా
కప్పు టీకి గాను కదనయాత్ర.

అవతారిక: ఇంగ్లండు తూర్పు తీరాన, లింకన్‌షైర్‌లో, ఒక రైతు పొలం అంచున కారవాన్ నిలుపుకొని చలికాలం గడుపుతున్న గృహస్థు చెప్పిన పద్యమిది. గృహం లేదు కనుక శకటస్థు అనాలేమో. ఆ తీరంలో సెలవుల పార్కులు చాలావరకు చలికాలం మూసేస్తారు. కాబట్టి వినే నాథుడు లేక కవి పద్యాన్ని నాకు పంపించాడు.

ప్రతిపదార్థం: బయటన్ = వెలుపల; ఒక్క కడలి = ఉత్తర సముద్రము; బండిలో = కారవానునందు; వేఱొండు = మఱియొక కడలి; గాజు మీద = కిటికీపై; చెమట = నీటి బొట్లు; కారుచుండు = జారుచుండును; రేయి నడుమ = రాత్రి మధ్యమున; బండ = గ్యాసు సిలిండరు, రాయి కాదు; రిత్తయై పోయెనా = ఖాళీ అయినచో; కప్పు టీకి గాను = ఒక్క కప్పు తేనీటి నిమిత్తము; కదనయాత్ర = యుద్ధయాత్ర. అగును అని అధ్యాహారము.

తాత్పర్యం: స్పష్టం. అయినా వ్యాఖ్యాత ఊరుకుంటే ఎలా?

"బండి": కారవాన్ అనగానే మనవాళ్లకు షూటింగు దగ్గర హీరోగారు మేకప్ వేసుకునే ఏసీ బండి తోస్తుంది. అది కాదు. మాట పారశీకానిది, బిడారు అని అర్థం. హైదరాబాదులోని కార్వాన్ పేటకు పేరిచ్చిందీ అదే. ఇళ్లూ వాకిళ్లూ ఉన్నవాళ్లు సరదాకి బండిలో కాపురం పెట్టడమనే శాస్త్రానికి ఆద్యుడిగా గోర్డన్ స్టేబుల్స్ అనే మాజీ నౌకాదళ వైద్యుణ్ని చెప్పుకుంటారు. 1885లో ఆయన చేయించుకున్న 'వాండరర్'ను రెండు గుర్రాలు లాగేవి.

"ఒక్క కడలి": కవి ఉన్నచోటి నుంచి సముద్రం కనబడదు, మధ్యలో కాంక్రీటు గోడ. కనబడనిదాన్ని ఉందని ఎలా అన్నాడు? పొగను చూసి నిప్పును ఊహించినట్టు, హోరు విని కడలిని ఊహించాడు. అనుమాన ప్రమాణం. గోడ ఊరికే కట్టలేదు. 1953 జనవరి 31 రాత్రి ఈ తీరమంతా సముద్రం ఊళ్ల మీద పడింది. ఇంగ్లండులో 307 మంది పోయారు. అందుచేత ఇక్కడ కడలి అన్న మాట పాదపూరణం కాదు.

"వేఱొండు": ఇది అతిశయోక్తి అని కొందరు. కాదు, స్వభావోక్తి. పొద్దున్నే పరుపు ఎత్తి అడుగు తడిమి చూస్తే తెలుస్తుంది. ఆ నీరు ఎక్కడిదంటే, మనదే. ఊపిరి, ఉడికే అన్నం, లోపలే ఆరేసిన బనీను. వీటికి తోడు పొయ్యి. కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీరు ఆవిరిగా పుడుతుంది. అంటే వెచ్చదనం కోసం వెలిగించిన మంటే గోడలకు చెమట పట్టిస్తుంది. గాలి బిలాలకు గుడ్డలు కుక్కితే చలి ఆగుతుందనుకునే అమాయకులున్నారు. వాళ్లకు చెమ్మ కాదు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు యముడు. ఇక్కడ మాత్రం హాస్యం లేదు.

"గాజు": కవి దొరికిపోయాడు. లాక్కెళ్లే కారవాన్ల కిటికీలు అక్రిలిక్ ప్లాస్టిక్కువి. అడిగితే, "కారుచుండు"కు యతి కావాలి కదండీ, అన్నాడు. యతి కోసం గాజు తెచ్చినవాడు చెమట తుడవడానికి ఓ గుడ్డ కూడా తేవలసింది.

"రేయి నడుమ": అర్ధరాత్రి టీ ఏమిటని ఆక్షేపణ. సమాధానం: డిసెంబరులో అక్కడ నాలుగైనా కాకుండా పొద్దు గుంకుతుంది, మళ్లీ ఎనిమిది దాటితే గాని తెల్లవారదు. పదహారు గంటల రేయిలో ఎప్పుడు తాగినా నడుమే. పైగా టీ ఇక్కడ ఉపలక్షణం. హీటరు, వేణ్ణీళ్లు, వంట, అన్నీ ఆ ఒక్క బండ మీదే. "కప్పు చాయ కొఱకు" అని హైదరాబాదు పాఠం. అర్థభేదం లేదు, రుచిభేదం ఉంది.

"రిత్త": రిత్తతనం రెండు విధాలు. నిజంగా అయిపోవడం ఒకటి. రెండోది లోభి ఇంటి గాదె లాంటిది, ఉంటుంది కానీ రాదు. అక్కడ సాధారణంగా నీలం బండలో బ్యూటేన్, ఎర్ర బండలో ప్రొపేన్. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. మంచు పడిన రాత్రి బండ ఊపితే గుడగుడమంటుంది, పొయ్యి మాత్రం వెలగదు. ప్రొపేన్‌కు మైనస్ 42 దాకా ఆ బెడద లేదు. మన కవి మొదటి ఏడు నీలం బండ కొన్నాడు. ఇంతకంటే చెప్పను.

"కదనయాత్ర": కవచం, లుంగీ మీద కోటు. ఆయుధం, పానా. పళ్ల మధ్య టార్చి. తూర్పుగాలి నేరుగా మొహం మీదే. ప్రొపేన్ బండకు ఎడమ మర. లోకంలో అన్నిటినీ కుడికి తిప్పి బిగిస్తాం, దీన్ని ఎడమకు. చలికి కొంకర్లు పోయిన వేళ్లకు ఈ సూత్రం గుర్తుండదు. విప్పుతున్నాననుకుని పావుగంట బిగించినవారున్నారు. నలభై లీటర్ల నీళ్ల పీపాను కొళాయి నుంచి దొర్లించుకు రావడం, మరుగుదొడ్డి డబ్బా మోసుకెళ్లి పారబోయడం వంటి పగటి యాత్రలను కవి ఔచిత్యం కొద్దీ వదిలేశాడు. నేనూ వదిలేస్తున్నాను.

చివరికి టీ దొరికిందా లేదా? పద్యంలో లేదు. దొరికిందనే నా అభిప్రాయం. కెటిల్ మరిగి, ఆవిరి లేచి కిటికీకి తగిలి ఉంటుంది. అందుకే ఈ పద్యాన్ని నాలుగో పాదం కాగానే మళ్లీ రెండో పాదం నుంచి చదువుకోవాలి.