పిండని బర్రె, తిరగని బండి

కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట వైపు పాడి బర్రెను కొనే మనిషి తొందరపడడు. నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. ఎన్నో ఈత అని అడుగుతాడు. పొదుగు నిమిరి, నాలుగు సన్నులూ తడిమి, ఎక్కడైనా గడ్డ ఉందేమోనని వేళ్లతో వెతుకుతాడు. అంతటితోనూ నమ్మడు. తన కళ్ల ముందే రెండు పూటలు పాలు పిండించి, కొలిచి చూసుకున్నాకే బయానా చేతిలో పెడతాడు. ఆ మనిషి దగ్గరికి ఒకాయన వచ్చి, "మా బర్రెకు పదిహేనేళ్లు. ఇన్నేళ్లలో పట్టుమని పదిసార్లు పిండలేదు. ఎండ తగలనియ్యలేదు, వాన తడవనియ్యలేదు, మేతకు కూడా వదల్లేదు. పాణం లెక్క చూసుకున్నం గనుకనే ధర ఇంత" అన్నాడనుకోండి. కొనేవాడు నవ్వడు కూడా. పాపం, పెద్దమనిషికి ఎండదెబ్బ తగిలిందేమోనని మంచినీళ్లిచ్చి నీడన కూర్చోబెడతాడు. ఇవే మాటలు బర్రెకు బదులు ఇటలీ కారు గురించి చెబితే మాత్రం చదువుకున్నవాళ్లు, లెక్కలొచ్చినవాళ్లు, బ్యాంకు వడ్డీని పైసలతో సహా నోటితోనే లెక్కగట్టగలవాళ్లు తలలూపుతారు. "అబ్బ, ఎంత బాగా మెయింటెయిన్ చేశారండీ" అని చెక్కు రాసిస్తారు.

ఈ బేరం భాష చూడండి. సింగిల్ ఓనర్. పద్నాలుగేళ్లలో ఆరు వేల కిలోమీటర్లు. ఏసీ గ్యారేజీలో, మెత్తని కవరు కింద, ఛార్జరుకు తగిలించిన బ్యాటరీతో. నెలకో ఆదివారం తెల్లవారుజామున మాత్రం అలా బయటికి తీసుకెళ్లి, ఎండెక్కకముందే లోపల పెట్టేశారట. అమ్ముతున్న సరుకు పేరేమో గ్రాన్ టురిస్మో. ఇటలీవాళ్ల మాటలో దూర ప్రయాణం, పెద్ద యాత్ర. ఊళ్లో తిరగడానికి ఒక కారు, పందెంలో పరుగెత్తడానికి ఒక కారు ఉన్నట్టే, ఇద్దరు మనుషులూ వాళ్ల సామానూ ఒక దేశంలో టిఫిన్ చేసి ఇంకో దేశంలో రాత్రి భోజనానికి దిగేలా అలుపు లేకుండా తీసుకెళ్లడానికి పుట్టిన జాతి ఇది. ఫెరారీ 1992లో తెచ్చిన 456, 1996 నాటి 550 మరనెల్లో, 2004 నాటి 612 స్కాలియెట్టి ఈ కోవలోవే. ముందు భాగంలో 12 సిలిండర్ల ఇంజను, వెనక పెట్టెలు పట్టే డిక్కీ, గంటలకొద్దీ కూర్చున్నా నడుము పట్టని తోలు సీట్లు. 612లో అయితే నలుగురు కూర్చోవచ్చు, ఇంజను శక్తి 540 హార్స్ పవర్. ప్రయాణం చేయడమే వృత్తిగా పుట్టిన ఈ వాహనానికి మన అంగట్లో పలికే పెద్ద విలువ, అది ఏ ప్రయాణమూ చేయకపోవడం. కొనేవాడు చేయబోయేదీ అదే. తానూ తిప్పకుండా కాపాడి, ఇంకొకరికి తిరగని బండిగా అప్పజెప్పాలి. చేతులు మారుతున్నది కారు కాదు, ఎవరూ చేయని ప్రయాణం.

తక్కువ తిరిగితే తక్కువ అరుగుతుంది కదా అంటారు. వినడానికి సబబుగానే ఉంది. నాగలి కర్రుకైతే నిజం కూడా. కానీ కారులో ఇనుము కంటే ముందు ముసలిదయ్యేది రబ్బరు. గొట్టాలు, సీళ్లు, గాస్కెట్లు, బుష్‌లు కిలోమీటర్లు లెక్కబెట్టవు, క్యాలెండరు చూస్తాయి. 456లోనూ 550లోనూ ఉన్న టైమింగ్ బెల్టులను బండి తిరిగినా తిరగకపోయినా కొన్నేళ్లకోసారి మార్చాల్సిందే. మార్చకపోతే ఏదో ఒక ఆదివారం తెల్లవారుజామున బెల్టు తెగి, వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి. ఆ చప్పుడు ఖరీదు కొత్త ట్రాక్టరు ఖరీదుకు తక్కువుండదు. టైరు పక్కన అచ్చొత్తిన నాలుగంకెల్లో అది తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. గాట్లు కొత్తగా నిగనిగలాడుతున్నా పన్నెండేళ్ల టైరు పన్నెండేళ్లదే. ఆ కాలపు ఫెరారీల్లో లోపలి ప్లాస్టిక్ బటన్లకు పూసిన మెత్తని పూత ఏళ్లు గడిచేకొద్దీ కరిగి బంకబంకగా వేళ్లకు అంటుకుంటుంది. ముట్టుకోకుండా దాచినా సరే, అంటుకుంటుంది. ఇక పెట్రోలు సంగతి. ఇప్పుడు బంకులో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపినది. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు మార్చుకోవాల్సి రావచ్చని ప్రభుత్వమే చెప్పింది. ఇథనాల్‌కు తేమను పీల్చే గుణం ఉంది గనుక ఆరు నెలలు కదలని ట్యాంకులో అది చేసే పని వేరే. ఇథనాల్ చెరకుతో, మక్కతో, బియ్యంతో తయారవుతుంది. మూడూ కామారెడ్డి జిల్లాలో పండేవే. మన చేలో పండిన మక్క మరనెల్లో రబ్బరును మెల్లగా నములుతుందన్నమాట. ఇటలీ మీద నాగిరెడ్డిపేట సాధించబోయే విజయం ఇదొక్కటే అనుకుంటాను.

బర్రె బేరం తెలిసినవాడికి ఇదంతా విడమర్చి చెప్పక్కర్లేదు. పిండని బర్రె వట్టిపోతుంది. పాత ట్రాక్టరు కొనేవాడు గంటల మీటరులో అంకె మరీ తక్కువగా కనబడితే సంతోషించడు, అనుమానిస్తాడు. మీటరు తిప్పారా, లేక ఏదో పెద్ద రిపేరు వచ్చి బండి షెడ్డులోనే పడి ఉందా అని. ఈ అనుమానం తెలివి. కోటి రూపాయల బేరం దగ్గరికొచ్చేసరికి ఇదే అనుమానం మొరటుతనం ఎందుకవుతుందో ఎవరూ చెప్పరు.

నాగిరెడ్డిపేటలో ఫెరారీ కొనేవాళ్లెవరండీ, లేని దెయ్యానికి తాయెత్తు కట్టడం కాదా అని అడగొచ్చు. ఎవరూ కొనకపోవచ్చు. కానీ బండి ఏ పనికి పుట్టిందో తేల్చడానికి గచ్చిబౌలి పార్కింగ్ కంటే మెదక్ నుంచి పోచారం మీదుగా ఎల్లారెడ్డి వెళ్లే దారి మంచి పరీక్ష. యాసంగి కోతలు కాగానే అక్కడ సగం రోడ్డు కల్లం అవుతుంది. వడ్లు బారుగా ఆరబోసి, అంచు వెంట రాళ్లు పేర్చి, మిగిలిన సగంలోంచే బస్సూ లారీ ట్రాక్టరూ ఒకదానికొకటి దారిచ్చుకుంటాయి. నాట్ల కాలంలో కేజ్‌వీల్స్ తీయకుండానే ట్రాక్టర్లు రోడ్డెక్కి తారును చెక్కిపోతాయి. ఊరూరా స్పీడ్ బ్రేకర్లు సరేసరి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం మూపు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన ఊళ్లలో ఎత్తు విషయంలో ఉదారంగా ఉండి, వెడల్పు దగ్గర పొదుపు చేస్తారు. రోడ్డుకూ పొట్టకూ మధ్య జానెడులో సగం సందు ఉన్న బండి దాని మీద త్రాసులా ఊగుతూ నిలబడుతుంది. దించడానికి వచ్చే నలుగురూ నవ్వుతూనే వస్తారు.

మన రోడ్ల మీద ఇవి నడవవనే మాటకు ఒక మంచి జవాబు ఉంది, దాటవేయకూడదు. 2008లో ఫెరారీ సంస్థే రెండు 612 స్కాలియెట్టిలను ముంబైలో బయల్దేరదీసి, పది వేల కిలోమీటర్లకు పైగా మన దేశమంతా తిప్పింది. గుంతలు, ఆవులు, లారీలు, దుమ్ము అన్నీ దాటాయి. అయితే ఈ ఉదాహరణ ఎవరి పక్షాన సాక్ష్యం చెబుతోంది? తిప్పితే తిరుగుతాయని, అందుకే పుట్టాయని తేలింది. వాటిని తిప్పినవాళ్లు కింది భాగానికి రక్షణ పలకలు వేసుకున్నారు, బండి ఎత్తు కాస్త పెంచుకున్నారు, సాయానికి మనుషుల్ని వెంటబెట్టుకున్నారు. ప్రయాణం మీద ప్రేమ ఉన్నవాడు చేసే పనులివి. ఆ ప్రయాణం తర్వాత వాటి మీటర్లు చూసి మన సెకండ్ హ్యాండ్ పండితుడు ఏమంటాడు? "బాగా తిప్పేశారండీ, ధర తగ్గించాలి."

కొందరు ఇంకో మెట్టెక్కి ఇది పెట్టుబడి అంటారు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న సామెత ఈ బేరాల్లో వినపడినంతగా ఇంకెక్కడా వినపడదు. ఆ వెయ్యి వచ్చేలోగా మేత ఎవరు వేశారన్నది మాత్రం సామెతలో లేదు. వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇక్కడ జీవితకాల పన్ను మళ్లీ కట్టాలి. పదిహేనేళ్లు నిండితే ఆర్సీ పునరుద్ధరణకు మామూలు కారుకు 5 వేలు, విదేశీ కారుకు 40 వేలు అని 2022 ఏప్రిల్‌లో రేటు పెట్టారు. పాతబడితే వింటేజ్ అవుతుందిలే అనుకుంటే, 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో ఆ పేరు దక్కాలంటే 50 ఏళ్లు నిండాలి. దక్కాక ప్రదర్శనకో ర్యాలీకో తప్ప రోజువారీగా రోడ్డెక్కించకూడదు. సర్కారు కూడా బర్రెను పిండవద్దనే అంటోంది. మరి ధర పెరగదా? పెరిగినవి ఉన్నాయి. 1962 నాటి ఫెరారీ 250 జీటీఓ ఒకటి 2018లో అమెరికా వేలంలో 4.84 కోట్ల డాలర్లకు పోయింది. దాని పేరులోని జీటీ కూడా గ్రాన్ టురిస్మోనే. కానీ ఆ బండిని ఎవరూ కవరు కింద దాచలేదు. కొండ దారుల్లో, సిసిలీ పందేల్లో చావగొట్టి నడిపారు, నెగ్గారు. ఆ పరుగులకే అంత ధర. ఇక్కడ సచిన్ టెండూల్కర్‌కు 2002లో కానుకగా వచ్చిన ఫెరారీ సంగతీ తెలిసిందే. 75 లక్షల బండికి 1.13 కోట్ల సుంకం, దాని మాఫీ మీద రభస, చివరికి ఫియట్ కట్టడం. 2011లో దాన్ని సూరత్ వ్యాపారి కొన్నాడంటే కొన్నది సచిన్ చేతులు పట్టుకున్న స్టీరింగును. గ్యారేజీలో నిద్రపోయిన బండికి అలాంటి చరిత్ర ఎక్కడిది? దాని చరిత్ర అంతా సర్వీసు బిల్లులే.

తిప్పకుండా కాపాడే విద్యలో మనకు నిజాం నవాబుల కంటే పెద్ద గురువులు లేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సింహాసనం లాంటి సీటుతో పసుపు పచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరిచ్చాడు. అది రాకముందే 1911లో కన్నుమూశాడు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికొచ్చిన ఆ కారు తన జీవితకాలంలో నాలుగు వందల మైళ్లు కూడా తిరగలేదని చెబుతారు. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది, టికెట్ కొని చూడొచ్చు. అదే ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో, 1917లో మొదలుపెట్టి 1922 నాటికి ఆలేరు వాగుకు అడ్డంగా పోచారం ఆనకట్ట కట్టారు. దాని కింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లో 10,500 ఎకరాల ఆయకట్టు. దాన్ని ఎవరూ కవరు కప్పి దాచలేదు. వందేళ్లుగా ప్రతి వానకాలం నీటి మోత మోస్తూనే ఉంది. 2025 ఆగస్టు ఆఖరి వారంలో కామారెడ్డి, మెదక్ జిల్లాలను వరద ముంచెత్తినప్పుడు కట్ట తెగుతుందేమోనని దిగువ ఊళ్లు బిక్కుబిక్కుమన్నాయి. కట్ట నిలబడింది. ఒకే దర్బారు సొమ్ముతో వచ్చిన రెండింటిలో బాగా మెయింటెయిన్ చేసినది ఏదో ఆయకట్టు రైతును అడగండి.

ఇదంతా అందని ద్రాక్ష పులుపేనని కొట్టిపారేయొచ్చు. నిజానికి పాతబడ్డ గ్రాండ్ టూరర్ ధర అందనంత ఎత్తులో ఉండదు, అసలు ఉచ్చే అది. సగానికి సగం తగ్గాక కొని, మరమ్మతుల దగ్గర మాత్రం కొత్త ఫెరారీ రేటు చూసి గుండె పట్టుకుంటారు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటం ఇదే. ఇక అది కళాఖండం, అందం కోసం కొంటాం అనేవాళ్లతో నాకు పేచీ లేదు. పినిన్‌ఫరీనా గీసిన గీతలో అందం ఉంది, ఆ 12 సిలిండర్ల రాగంలో ఇంకా ఎక్కువ ఉంది. కానీ రాగం వినాలంటే ఇంజను నడవాలి. వీణను కొని, తీగలు అరుగుతాయని మీటకుండా పెట్టుకున్నవాడిని సంగీతాభిమాని అనలేం కదా.

నాగిరెడ్డిపేట రోడ్డు మీద ఇటలీ బండ్లు లేవనుకుంటే అదీ పొరపాటే. ఇన్నేళ్లుగా ఊరి జనాన్ని మోస్తున్న ఆపే ఆటో ఇటలీ పియాజియో సంస్థది. 1948లో అక్కడ పుట్టింది, ఇప్పుడు మన కోసం బారామతిలో తయారవుతోంది. ఇటాలియన్‌లో ఆ పేరుకు తేనెటీగ అని అర్థమట. మనవాళ్లకు ఆ అర్థం అక్కర్లేకపోయింది, చెయ్యెత్తితే ఆపే ఆటో కాబట్టి పేరు అతికినట్టు సరిపోయింది. పెళ్లి బృందాలు, ఉల్లిగడ్డ సంచులు, బడి పిల్లలు, రెండు మేకలు, డ్రైవరుకు చెరోపక్క ఒక్కొక్కరు. గ్రాన్ టురిస్మో అంటే ఇదే కదా? 2007 నుంచి 2020 దాకా వచ్చిన డీజిల్ స్విఫ్ట్‌ల్లో కొట్టుకున్న 1,248 సీసీ గుండె కూడా ఫియట్‌దే. రెండు లక్షల కిలోమీటర్లు దాటిన స్విఫ్ట్‌ను బేరమాడుతూ "ఇంజను ఫియట్‌ది, ఇంకో లక్ష నడుస్తది" అని భరోసా ఇచ్చే మెకానిక్ ఇటలీ పనితనానికి చేస్తున్న సన్మానం ముందు ఏసీ గ్యారేజీ ఏపాటిది? అక్కడ పాత బండికి అడిగే ప్రశ్న ఎన్ని కిలోమీటర్లు తిరగలేదని కాదు, ఇంకెన్ని తిరుగుతుందని.

అటు గ్రాండ్ టూరర్ కొన్న పెద్దమనిషి మాత్రం ఇంకో ఆరేళ్లకు అమ్మకానికి ప్రకటన ఇస్తాడు. ఏం రాస్తాడో ఇప్పుడే రాసిపెట్టొచ్చు: రెండో ఓనర్. ఆరేళ్లలో నాలుగు వందల కిలోమీటర్లు. బెల్టులు రెండుసార్లు కొత్తవి వేయించాం. వాన చుక్క తగల్లేదు, వడ్ల గింజ తగల్లేదు. మెదక్ దాటలేదు.