ఇసుక కుప్ప ఇంటర్నేషనల్

హైదరాబాద్ హఫీజ్‌పేట్‌లో మూడేళ్ల పిల్లలు ఇసుకలో ఆడుకునే చోట్లు రెండు. ఒకటి, కడుతున్న అపార్ట్‌మెంటు ముందు లారీ గుమ్మరించి పోయిన కుప్ప. తట్ట మోసే తల్లి బిడ్డ పొద్దస్తమానం అందులో గుంతలు తవ్వుతుంటాడు. చూసినవాళ్లు ‘అయ్యో, చదువూ సంధ్యా లేదు’ అని జాలిపడతారు. రెండోది, ఇంటర్నేషనల్ స్కూల్లో జల్లెడ పట్టి పోసిన తొట్టి. అక్కడ పీరియడ్ ప్రకారం తవ్వాలి, తవ్వాక శానిటైజర్ రాసుకోవాలి. అది సెన్సరీ ప్లే. ఫీజు లక్షల్లో.

నవ్వకండి, సిద్ధాంతం గొప్పదే. పిల్లలు ఆటలోనే నేర్చుకుంటారని నమ్మి ఫ్రోబెల్ 1837లో జర్మనీలో కిండర్‌గార్టెన్‌కు పునాది వేశాడు. ప్రష్యా ప్రభుత్వానికి అదెంత ప్రమాదంగా తోచిందో, 1851లో ఏకంగా నిషేధించింది. 1907లో మరియా మాంటిస్సోరి రోమ్‌లోని సాన్ లొరెంజో కూలీల వాడలో బడి తెరిచింది. అమ్మానాన్నలు పనికి పోతే దిక్కులేకుండా తిరిగే పిల్లల కోసం. ఇప్పుడు ఆమె పేరు మన స్కూలు గేటు మీద బంగారు అక్షరాల్లో ఉంది. ఆమె బడి పెట్టిన అలాంటి కూలీల పిల్లలొస్తే మాత్రం సెక్యూరిటీ అక్కడే ఆపేస్తాడు.

ఇంతకీ లోపల నేర్చుకునేదేమిటి? ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) పాఠ్యప్రణాళిక ప్రకారం విద్యార్థికి పది లక్షణాలుండాలి. వాటిలో సాహసం ఒకటి. అందుకే జారుడుబల్ల కింద రబ్బరు పరుపు వేసి, తల్లిదండ్రుల సంతకం తీసుకుని మరీ సాహసం చేయిస్తారు. తరవాత రవాణా సాధనాల యూనిట్. పిల్లాడు అట్టముక్కలతో రైలు కడతాడు. ఎంఎంటీఎస్ రైలు 2003 నుంచీ హఫీజ్‌పేట్ స్టేషన్‌లో ఆగుతూనే ఉంది, వాడు మాత్రం ఎక్కిన పాపాన పోలేదు. కొత్తగూడ జంక్షన్‌లో ఏసీ బస్సు కదలక కూర్చున్నప్పుడు ఆ అట్ట రైలునే తల్చుకుంటాడు. ఆ తరవాత ‘మనకు సాయపడేవారు’. వాచ్‌మన్‌కు థాంక్యూ కార్డు తయారుచేస్తాడు. సాయంత్రం అదే వాచ్‌మన్ కూతురు ఉయ్యాల ఎక్కితే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపు భగ్గుమంటుంది. నిజమైన పాఠం అదే, హోంవర్క్ లేకుండానే వచ్చేస్తుంది.

తెలుగు సంగతా? తెలంగాణ 2018 చట్టం బడుల్లో తెలుగును ఒకటో తరగతి నుంచి తప్పనిసరి చేసింది. కాబట్టి ఒకటో తరగతికి వచ్చేదాకా ఏ భయమూ లేదు. మంచినీళ్లు ఇంగ్లిషులోనే అడుగుతాడు. నిక్కరు తడిసి ఏడుపొచ్చినప్పుడు మాత్రం ఆయమ్మ తెలుగే అక్కరకొస్తుంది. బ్రోషర్‌లో ఆమె ఫొటో ఉండదు.

సీటు కోసం తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ పెడతారు. విద్యాహక్కు చట్టం దాన్ని నిషేధించిందిగా, తొలి తప్పుకే 25 వేల దాకా జరిమానా ఉందిగా అంటారేమో. ఆ చట్టంలో బాలలంటే ఆరు నుంచి పద్నాలుగేళ్లవాళ్లు. మన మూడేళ్లవాడు చట్టం కళ్లకు ఇంకా పిల్లాడే కాడు, ఒట్టి కస్టమరు. మూడేళ్లు తిరిగేసరికి మండుటెండలో నల్లగౌను, నాలుగు పలకల టోపీ తొడిగి డిగ్రీ చేతిలో పెడతారు. బూటు లేసు కట్టుకోవడం రాని పట్టభద్రుడు!

ఇక ఆయమ్మ కొడుకు. వాడు సందులోని చిన్న ఇంగ్లిషు మీడియం బడిలో నాలుగు గీతల కాపీ నింపుతుంటాడు. అక్కడ ఆడిస్తే ఆయమ్మే ఊరుకోదు, ‘ఆటలకా నేను ఫీజు కట్టేది?’ అని దులిపేస్తుంది. పాటలు పాడించి, ఆటలాడించి, అన్నం, గుడ్డు పెట్టే అంగన్‌వాడీ పథకం 1975 అక్టోబర్ 2నే మొదలైంది. పైసా తీసుకోదు గనక దానికి పరువు లేదు. ఉన్నవాళ్లు లక్షలు పోసి ఆట కొంటున్నారు. లేనివాళ్లు అప్పుచేసి ఆట మాన్పిస్తున్నారు. రెండు వైపులా రసీదు ఇచ్చేది బడి వ్యాపారమే.

ఇసుకలో ఆడితే బుర్ర పెరుగుతుందన్నది నిజమైతే, అది ఆయమ్మ కొడుక్కీ పెరగాలి. వాడికి అంగన్‌వాడీలో ఓ మంచి గది, ఓ తొట్టి, చదువు చెప్పే మనిషికి సరైన జీతం ఇవ్వమని మీరే ప్రభుత్వాన్ని నిలదీయాలి. నిజం కాదంటారా? అయితే ఆ లక్షలు దేనికి కట్టించుకుంటున్నారో ఈసారి ఇంటర్వ్యూలో మీరే అడగండి.