చుట్టాల మంచం

కపిలేశ్వరపురంలో ఆ ఇంటికి గదులు రెండే. ఒకటి పడకగది, రెండోది వంటిల్లు. మధ్యలో నలుగురు కూర్చుంటే నిండిపోయే సావిడి, ముందు వీధి అరుగు, వెనక దొడ్డి. అరుగు మీద గోడకు ఆనించి నిలబెట్టిన నులకమంచాన్ని ఇంటిల్లిపాదీ చుట్టాల మంచం అంటారు. తన కథ చెప్పుకునేటప్పుడు అది ‘నేను’ అనదు. ఏ రాత్రి ఎవరు పడుకుంటే వారిదే కాబట్టి ‘ఈ మంచం’ అంటుంది.

ఈ మంచం కోళ్లు తుమ్మకర్రవి, పట్టెలు టేకువి. వడ్రంగి ఆ అరుగు మీదే కూర్చుని చెక్కి బిగించాడు. గోగునార నులకను ఇద్దరు మనుషులు చెరోవైపు కూర్చుని అల్లారు. కాళ్లవైపు జానెడు జాగా వదిలి, అక్కడ అడ్డతాళ్లు వేశారు. నులక సాగి మంచం గుంటపడ్డప్పుడల్లా ఆ తాళ్లు లాగి కడితే మళ్లీ బిగుస్తుంది. పరుపు అక్కర్లేదు. ఒక బొంత, ఒక దుప్పటి, ఒక తలగడ చాలు. పగలు నిలబెడితే చోటు మిగులుతుంది, రాత్రి వాలిస్తే పడక తయారవుతుంది. ఈ మంచం చేసే పనంతా ఇదే.

దీని వంశం పాతది. మొరాకో నుంచి వచ్చి 1330ల్లో ఢిల్లీలో ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బటూటా తన యాత్రా గ్రంథంలో ఇక్కడి మంచాలను వర్ణించాడు. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, వాటి మధ్య పట్టు తాళ్లో నూలు తాళ్లో అల్లి ఉంటాయని, ఒక్క మనిషి మోయగలిగేంత తేలికగా ఉంటాయని, ప్రయాణం చేసేవాళ్లు తమ మంచాన్ని వెంట తీసుకెళతారని రాశాడు. ఆ రోజుల్లో అతిథితో పాటే మంచం వచ్చేదన్నమాట. ఈ మంచం కాలానికి అది ఇంటివాళ్ల పూచీ అయింది.

చుట్టాలకంటూ వేరే గది ఉండాలన్నది చాలామందికి అందని మాట. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని కుటుంబాల్లో 37 శాతం ఒకే గదిలో, మరో 32 శాతం రెండు గదుల్లో బతుకుతున్నట్టు తేలింది. అంటే పది కుటుంబాల్లో దాదాపు ఏడింటికి చుట్టాల గది మాట అటుంచి, పిల్లలకే గది లేదు. అయినా ఆ ఇళ్లకు చుట్టాలు రావడం మానలేదు, రాత్రి ఉండిపోవడం మానలేదు.

ఈ ఊళ్లో ఉండిపోవడానికి మొదటి కారణం గోదావరి. కపిలేశ్వరపురం గౌతమి ఒడ్డు ఊరు. కేదార్లంక, నారాయణలంక, వీధివారిలంక వంటి లంక గ్రామాలు ఈ మండలానివే. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలిపోవడంతో ఇక్కడి మనిషి బతుకులో రేవు, పడవ, పంటు విడదీయరాని భాగాలయ్యాయి. చీకటి పడితే పడవ ఆగిపోయేది. ఆసుపత్రికనో, కాయగూరలు అమ్మడానికనో ఇవతలికి వచ్చిన లంక రైతుకు ఆఖరి పడవ తప్పితే చుట్టాలిల్లే గతి. “రండి బావగారూ, కాళ్లు కడుక్కోండి” అన్న మాట వినపడగానే అరుగు మీది మంచం వాలేది. ఎందుకొచ్చావని ఎవరూ అడిగేవారు కాదు. రేవు కట్టేసిందని అందరికీ తెలుసు.

వంతెనలు వచ్చాక ఆ రాకపోకల తీరు మారింది. యానాం, ఎదుర్లంకల మధ్య 2002లో వంతెన తెరిచాక అమలాపురం వైపు చుట్టాలు ఉదయం వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్లిపోవడం మొదలుపెట్టారు. కోటిపల్లి, ముక్తేశ్వరాల మధ్య పంటు మాత్రం తిరుగుతూనే ఉంది. రాత్రి ఉండనక్కర్లేకపోవడం సౌకర్యమే. కానీ అరుగు మీద భోజనాలయ్యాక పొద్దుపోయేదాకా సాగే మాటలు కూడా దాంతోపాటే తగ్గాయి. ఆ మాటల్లోనే పెళ్లి సంబంధాలు కుదిరేవి, పొలం తగాదాలు తీరేవి, చిన్నవాళ్లకు పెద్దల పేర్లూ వరసలూ తెలిసేవి.

రెండో కారణం హరికథ. ఈ ఊళ్లో సర్వరాయ హరికథా పాఠశాల ఉంది. ఆడపిల్లలు ఇక్కడే ఉండి హరికథ నేర్చుకునే చోటు అది. సంస్కృతంలో హరికథలు చెప్పి 2024లో పద్మశ్రీ అందుకున్న ఉమామహేశ్వరి చదివింది ఇక్కడే. పిల్లను చేర్పించడానికో చూసి పోవడానికో దూరం నుంచి వచ్చిన తల్లిదండ్రులు, ఇంటాయనకు దూరపు చుట్టమో చుట్టానికి స్నేహితుడో అయితే, ఈ మంచం మీద ఒక రాత్రి గడిపేవారు. ఊరి గుడి దగ్గర హరికథ జరిగిన రోజున కథ ముగిసేసరికి అర్ధరాత్రి. చిడతల మోత చెవుల్లో ఉండగానే పక్కూరివాళ్లు అరుగెక్కేవారు. పిల్లలకు మంచం, పెద్దలకు చాపలు.

మూడో కారణం చెప్పాలంటే 1986 ఆగస్టుకు వెళ్లాలి.

ఆ నెల పదహారున ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75 అడుగులు మించింది. లంకలు మునిగాయి. నీళ్లు మొదట ఇంటి గడపకు వచ్చినప్పుడు లంకవాళ్లు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టారు. తర్వాత మంచం మీద మంచం ఎక్కించారు. ఇక లాభం లేదనుకున్నాక పసిపిల్లల్ని, ముసలివాళ్లను, మూటల్ని పడవల్లో ఎక్కించి గట్టు దాటారు. గట్టుకు ఇవతల చుట్టాలున్నవాళ్లు చుట్టాలిళ్లకు, లేనివాళ్లు బడికి, గుడికి చేరారు. ఈ ఇంటికి ఒక్క సాయంత్రం రెండు కుటుంబాలు వచ్చాయి. వాళ్ల వెంట ఒక పాడిగేదె, తాడుతో కాళ్లు కట్టిన కోళ్లు, తడిసిన బియ్యం బస్తా.

ఆ రాత్రి ఈ మంచం మీద ఎవరు పడుకోవాలన్న దానికి చర్చ జరగలేదు. ఒక బాలింత ఉంది, ఆమెకు వేశారు. మంచం కింద చాప పరిచి ఆమె పెద్దపిల్లల్ని పడుకోబెట్టారు. పడకగదిలో ముసలివాళ్లు. సావిట్లో ఆడవాళ్లు, ఒకరి తల దగ్గర ఇంకొకరి కాళ్లు ఉండేలా. మగవాళ్లు అరుగు మీద గోనెపట్టాలు కప్పుకుని జల్లు కొట్టని మూల వెతుక్కున్నారు. ఇంటావిడ వంటింట్లో పొయ్యి పక్కన కొంగు పరుచుకుని పడుకుంది, పడుకున్నది కూడా కాసేపే. తడి పుల్లలతో పొయ్యి రాజేసి తెల్లవారేలోగా అందరికీ గంజి కాయాలి.

వరద తీసినా వెంటనే వెళ్లిపోయే వీలుండదు. ఇంటి నిండా ఒండ్రు, గోడలు నాని ఉంటాయి, బావి నీళ్లు చెడి ఉంటాయి. చుట్టరికం అసలు బరువు తెలిసేది ఆ రోజుల్లోనే. మొదటి రాత్రి ఆదరించడం కంటే రోజులు గడిచాక కూడా మొదటిరోజు మొహంతోనే అన్నం పెట్టడం కష్టం. ఆ ఇంటావిడ అది చేసింది. ఈ మంచానికి ఆమె మీద ఉన్న గౌరవం మాటల్లో చెప్పలేనిది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని కూల్చినప్పుడు మళ్లీ అదే సర్దుబాటు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ప్రభుత్వ పునరావాస కేంద్రాలు, పడవలు, సెల్‌ఫోన్లు ఉన్నాయి. అయినా ముసలివాళ్లు కేంద్రానికి వెళ్లడం కంటే మేనల్లుడి ఇంటి అరుగునే కోరుకున్నారు.

ఈ నేల మీద ఈ అలవాటుకు పెద్ద ఆనవాలు డొక్కా సీతమ్మగారు. కపిలేశ్వరపురానికి దగ్గరలోని మండపేటలో 1841లో పుట్టి, లంకల గన్నవరం కోడలయ్యారు. ఏటి రేవులు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా చూడకుండా వండి పెట్టారు. 1909లో కన్నుమూసేదాకా ఆ పొయ్యి ఆరలేదు. పి.గన్నవరం దగ్గరి అక్విడక్టుకు, 2024లో రాష్ట్ర బడుల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టారు. పేరు పెట్టడం మంచిదే. అయితే అంత పేరు రాని సీతమ్మలు ప్రతి వీధిలో ఉన్నారని ఈ మంచం చూసి చెబుతోంది. చుట్టం వస్తే ఇల్లంతా సర్దుకుంటుందంటారు. నిజానికి ఎక్కువ సర్దుకునేది ఆ ఇంటి ఆడవాళ్లే. పడక వదులుకునేది వాళ్లు, ఆఖర్న తినేది వాళ్లు, మగవాళ్లు లేవకముందే స్నానాలు ముగించాల్సిందీ వాళ్లే. అతిథి మర్యాద గొప్పదని చెప్పుకునే ప్రతిచోటా ఈ లెక్క కూడా చెప్పాలి.

మరో మాట కూడా దాచకూడదు. ఈ అరుగు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. ఒకప్పుడు కులం చూసి లోపల ఎవరు, అరుగు మీద ఎవరు, పశువులపాకలో ఎవరు అన్నది తేల్చేవారు. అదే మనిషి, అదే వరద, అదే వాన, పడక మాత్రం వేరు. ఈ మంచం మీద పడుకోవాల్సిన కొందరు దాని పక్కన నేల మీద పడుకున్నారు. అది తప్పే.

2015 జూలై 14 నుంచి 25 దాకా జరిగిన పుష్కరాలు ఈ ఇంటికి మరో పరీక్ష. గోదావరి ఒడ్డున చుట్టం ఉండటమే చాలు, హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ ఫోన్లు మొదలవుతాయి. జూలై అంటే వానలు, కాబట్టి డాబా మీద పడకలు కుదరవు. ఉన్నది ఒక్కటే మరుగుదొడ్డి. ఇంటి కోడలు ఈసారి ముందే ఆలోచించి పెట్టుకుంది. ఏ జట్టు ఏ రోజు వస్తుందో ఫోనులో కనుక్కుని క్యాలెండరు మీద రాసింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మంచం, ఎందుకంటే నేల మీంచి లేవలేరు. రాత్రి లేవాల్సిన వాళ్లకు తలుపు పక్కన చోటు, ఎవరినీ దాటకుండా వెళ్లొచ్చు. చంటిపిల్లల తల్లి గోడవైపు. ప్రతి పడక దగ్గరా ఒక చెంబు నీళ్లు. పెట్టెలన్నీ మంచం కిందికి. తెల్లవారుజామున స్నానాల వరస మొదట ఆడవాళ్లది, తర్వాత మగవాళ్లది. మగవాళ్లంతా రేవుకే పోవాలి. భర్త చేత నీళ్లు తోడించింది, మరిది చేత చాపలు చుట్టించింది. అత్తగారు కాస్త నొచ్చుకుంది, కానీ మూడో రోజుకు ఆవిడే కొడుకును పేరుపెట్టి పిలిచి దుప్పట్లు మడతపెట్టమంది.

చుట్టాలు వెళ్లిన మర్నాడు మంచానికి ఎండ కావాలి. నలుగురు పడుకున్న నులకలో నల్లులు చేరతాయి. కోళ్ల సందుల్లో సలసల కాగే నీళ్లు పోసి, పట్టెలు దులిపి, సాయంత్రందాకా ఎండలో పెడతారు. బొంతలు ఉతికి ఆరేస్తారు. తర్వాత వచ్చేవాళ్లకు శుభ్రమైన పడక ఉండాలంటే ఇది తప్పనిసరి.

ఇప్పుడు ఆ వీధిలో పెంకుటిళ్లు తగ్గి డాబాలు లేచాయి. అరుగు చాలా ఇళ్లకు లేదు. పల్లెల్లో సెంటున్నర స్థలంలో 340 చదరపు అడుగుల ఇల్లు కట్టుకునే ప్రభుత్వ పథకం 2020లో వచ్చింది. హాలు, ఒక పడకగది, వంటిల్లు, మరుగుదొడ్డి, ముందు చిన్న వరండా. ఇల్లు లేని కుటుంబానికి అది పెద్ద ఆసరా. అక్కడా చుట్టాలకు హాలే దిక్కు. నిలబెట్టే మంచానికి వరండాలో ఒక మూల వదిలితే ఆ ఇంటికి రేపు అక్కరకొస్తుంది.

ఈ ఇంటి మనవడు డాలస్‌లో ఒకే పడకగది ఉన్న అపార్టుమెంటులో ఉంటాడు. తల్లిదండ్రులు సందర్శకుల వీసా మీద వెళ్లి ఆర్నెల్లు అక్కడ ఉన్నప్పుడు పడకగది వాళ్లకిచ్చి, తనూ భార్యా హాల్లో గాలి పరుపు మీద పడుకున్నారు. జపాను ఇళ్లలో రాత్రి పరిచి పొద్దున్నే మడిచి అలమరలో పెట్టే పరుపుల్ని ఫుటాన్ అంటారు. ఊరేదైనా, ఇరుకింటి ఉపాయం ఒకటే. పగటి చోటును రాత్రికి మార్చుకోవడం.

2027లో గోదావరి పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి. కపిలేశ్వరపురమైనా కోటిపల్లైనా, ఒడ్డున ఉన్న చుట్టాలింటికి వెళ్లేవాళ్లు ఈ మంచం మాట కాస్త వినాలి. ఎందరు వస్తున్నారో, ఎన్ని రాత్రులుంటారో ముందే చెప్పండి. చీకటి పడకముందే చేరండి. మీ దుప్పటి, మీ దోమతెర వెంట తెచ్చుకోండి. మీ ఇంటి మగవాళ్లు కూడా ఒక పూట వంటింట్లో చెయ్యి వేయాలి. పొద్దున్నే పక్క మీరే మడిచి, మంచాన్ని ఎత్తి గోడకు ఆనించండి. ఇంటివాళ్లకూ ఒక మనవి. మీకు గది లేదని చుట్టాన్ని రావద్దనకండి. నులక ఇప్పుడే బిగించి పెట్టుకోండి, వానాకాలంలో తడిసిన తాడు సరిగ్గా బిగియదు.