నిమిషానికి 31 చుక్కలు

మా రోజుల్లో సిస్టరంటే గంజి పెట్టిన తెల్లచీర, బిగించిన ముడి, ముడిమీద టోపీ. టోపీ ఓరగా ఉంటే హెడ్ నర్సు వార్డంతా వినేలా తిట్టేది. ఇప్పుడు నర్సీపట్నంలో ఏ ఆసుపత్రికెళ్లినా సిస్టరమ్మ కంటే ముందు ఆవిడ సెల్‌ఫోన్ కనిపిస్తుంది.

ఏజెన్సీ నుంచి డోలీలో మోసుకొచ్చేవారు, మలేరియా తలకెక్కినవాళ్లని. క్వినైన్ ఎక్కించాలి. 500 మిల్లీలీటర్లు 4 గంటల్లో దిగాలి. 15 చుక్కలు ఒక మిల్లీలీటరయ్యే సెట్టయితే నిమిషానికి 31 చుక్కలు. సెకన్ల ముల్లున్న వాచీ పట్టుకుని మంచం పక్కనే నిలబడేదాన్ని. గబగబా దిగిందా, బీపీ పడిపోతుంది. షుగరు సంగతి సరేసరి, పడిపోయినా స్పృహలేని మనిషి చెప్పలేడు కదా!

నర్సింగు చదువుతున్న మా మనవరాలు నవ్వుతుంది. "క్వినైన్ ఎక్కడిది అమ్మమ్మా, ఇప్పుడు ఆర్టిసునేట్ ఇంజెక్షన్. చుక్కలకి పంపులున్నాయి." ఉంటే ఉండనీ. పంపు రోగి మొహం చూస్తుందా? (తెల్లారుజామున నిద్రాపుకోలేక అందరి చార్టులోనూ 98.6 రాసిన రోజులు నాకూ ఉన్నాయి. దానికి చెప్పలేదు.)

2020 ఏప్రిల్‌లో కరోనా వేళ మా ఊరి ఏరియా ఆసుపత్రి మత్తు డాక్టరు సుధాకర్ గారు మాస్కులు లేవని, ఒక్కదాన్నే 15 రోజులు వాడమంటున్నారని నలుగురి ముందూ చెప్పారు. సస్పెండ్ చేశారు. మే నెలలో విశాఖ నడిరోడ్డు మీద పోలీసులు చేతులు వెనక్కి విరిచి కట్టారు. ఆ కేసుని హైకోర్టు సీబీఐకి అప్పగించింది. 2021 మేలో ఆయన పోయారు. టీవీలో ఆ మాస్కుల మాట మొదటిసారి విన్నప్పుడు నా నోట వచ్చింది ఒక్కటే: "పైవాళ్లకి రాసుకోవాలి గానీ, ఇలా బయట పెడతారా?"

మనవరాలు టీవీ మీంచి చూపు తిప్పకుండానే అడిగింది: "మీకు గ్లవ్స్ ఉండేవా అమ్మమ్మా?"

ఉండేవి. వాడినవే ఉతికి, నీళ్లు నింపి చిల్లులు చూసి, ఆరబెట్టి, పౌడరు జల్లి మళ్లీ డ్రమ్ములో పెట్టేవాళ్లం. చిల్లు పడ్డవి పక్కన పడేసేదాన్ని. ఒక్కోసారి కాన్పుకి ఒక్క జతే మిగిలేది. కొత్తవి కావాలని ఒక్క కాగితం కూడా పైకి రాయలేదు.